పేదల అప్పుల్లో మార్కెట్ హద్దులు, ప్రభుత్వ నియంత్రణ: 2010 ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంక్షోభంపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్వేచ్ఛా మార్కెట్ గురించి మాట్లాడడానికి ఈ ఉదంతాన్నే ఎందుకు ఎంచుకోవాలి?

మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే ఏమవుతుందో, ప్రభుత్వం ఆలస్యంగా మేల్కొని ఒక్కసారిగా మీద పడితే ఏమవుతుందో, ఈ రెండూ ఒకే చోట, ఒకే ఏడాదిలో కనిపించిన సందర్భం ఇది. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర్లో స్వచ్ఛంద సంస్థగా మొదలై, తనఖా లేని పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే (మైక్రోఫైనాన్స్ అంటే అదే) ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టు 16న స్టాక్ ఎక్స్ఛేంజీలకెక్కింది. షేరు ధర 985 రూపాయలుగా నిర్ణయించిన ఆ పబ్లిక్ ఇష్యూ దాదాపు 1,650 కోట్ల రూపాయలు సమీకరించింది. సరిగ్గా రెండు నెలల తర్వాత, అక్టోబరు 15న, రోశయ్య ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యాపారం దాదాపుగా ఆగిపోయింది. లాభాపేక్షతోనే పేదరికాన్ని తగ్గించవచ్చన్న నమ్మకమూ, చట్టంతో పేదలను కాపాడవచ్చన్న నమ్మకమూ అక్కడే పరీక్షకు నిలిచాయి.

మైక్రోఫైనాన్స్ సంస్థలు ఎలా పనిచేసేవి?

తనఖా పెట్టడానికి ఏమీ లేని మహిళలను అయిదుగురు చొప్పున గ్రూపులుగా, కొన్ని గ్రూపులను కలిపి ఒక సెంటర్‌గా కూర్చి, ఒకరి బాకీకి మిగతావారు పూచీ ఉండే పద్ధతిలో అప్పు ఇచ్చేవారు. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ నెలకొల్పిన గ్రామీణ బ్యాంకు పద్ధతి దీనికి మూలం. కూలి పనులకు వెళ్ళే వేళకు ముందే, పొద్దున్నే, ఎవరో ఒకరి వాకిట్లో సెంటర్ మీటింగ్ జరిగేది. మహిళలు వరుసల్లో కూర్చునేవారు, గ్రూపు లీడర్లు డబ్బు పోగుచేసి ఇచ్చేవారు, ఫీల్డ్ స్టాఫ్ లెక్కపెట్టుకుని పాస్‌బుక్కుల్లో సంతకం చేసి ఇంకో ఊరికి బయలుదేరేవారు. ఒక్కరి వాయిదా తక్కువపడినా ఆ మొత్తం పోగయ్యేదాకా మీటింగ్ ముగిసేది కాదు, ఎవరూ లేవడానికి ఉండేది కాదు. వసూళ్ళు 99 శాతం దాకా ఉండేవని సంస్థలు గర్వంగా చెప్పుకునేవి. ఆ అంకె నిజమే. కాని అది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నను పెట్టుబడిదారులుగాని, అప్పులిచ్చిన బ్యాంకులుగాని గట్టిగా అడగలేదు.

వడ్డీ నిజంగా అంత ఎక్కువగా ఉండేదా?

ఒక లెక్క చూద్దాం. పదివేల రూపాయల అప్పును వారానికి 225 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలనుకోండి. మొత్తం కట్టేది 11,250, అంటే వడ్డీ 1,250 రూపాయలు. చెప్పేటప్పుడు ఇది "పన్నెండున్నర శాతం". అయితే ఆ పదివేలూ ఏడాది పొడుగునా ఆమె చేతిలో ఉండవు. మొదటి వారం నుంచే అసలు తిరిగి వెళ్ళిపోతూ ఉంటుంది, సగటున చేతిలో ఉండేది అయిదువేల పైచిలుకు మాత్రమే. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే అసలైన వడ్డీ ఏడాదికి పాతిక శాతానికి అటూఇటూగా తేలుతుంది. ముందే పట్టుకునే ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం దీనికి అదనం.

ఊళ్ళో వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయల నుంచి అయిదు రూపాయల దాకా నెల వడ్డీ తీసుకుంటాడు. ఏడాదికి అది 36 నుంచి 60 శాతం. అతనితో పోలిస్తే మైక్రోఫైనాన్స్ చవకే, ఈ మాట ఒప్పుకోవాలి. ఇంటింటికీ మనుషులను పంపి చిన్నచిన్న మొత్తాలు వసూలు చేయడానికి ఖర్చవుతుందన్నదీ వాస్తవమే. అయినా ఒకే అప్పుకు రెండు రకాల అంకెలు ఉన్నప్పుడు, చదువు లేని మనిషికి తక్కువగా కనిపించే అంకెనే చూపించడం న్యాయమైన బేరం కాదు.

ఇష్టపడి తీసుకున్న అప్పు కదా? ఇద్దరి మధ్య ఒప్పందంలో ప్రభుత్వం ఎందుకు తలదూర్చాలి?

స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే వారి ప్రధాన వాదన ఇదే, దీనికి గౌరవంగా జవాబు చెప్పాలి. ఇద్దరు పెద్దమనుషులు తెలిసి, ఇష్టపడి చేసుకున్న ఒప్పందం వల్ల ఇద్దరికీ మేలు జరుగుతుందనడం సాధారణంగా నిజం. అయితే ఆ వాక్యంలో "తెలిసి", "ఇష్టపడి", "ఇద్దరు" అన్న మూడు షరతులున్నాయి, ఈ వ్యాపారంలో ఆ మూడూ సడలిపోయాయి.

తెలియడం సంగతి పైన చెప్పుకున్నాం. ఇష్టం విషయానికొస్తే, అప్పు తీసుకునే క్షణంలో ఇష్టం ఉండవచ్చు. కాని వాయిదా తప్పిన మహిళ ఇంటి ముందు తోటి గ్రూపు సభ్యులే కూర్చుని పరువు తీసే పరిస్థితిని ఏ ఒప్పంద పత్రంలోనూ రాయలేదు. ఆ ఒత్తిడిని పుట్టించింది సంస్థే అయినా దాన్ని అమలు చేసింది ఇరుగుపొరుగు, కాబట్టి ఏ కోర్టులోనూ సంస్థ బాధ్యతను నిరూపించడం తేలిక కాదు. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఇది ఇద్దరి మధ్య వ్యవహారం కాదు. ఒక సంస్థ ఇచ్చిన అప్పు భద్రత అదే ఇంటికి మిగతా సంస్థలు ఎంత ఇచ్చాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. రెండో సంస్థ అప్పు ఇచ్చినప్పుడల్లా మొదటి సంస్థ అప్పు బలహీనపడుతుంది, మూడోది వచ్చేసరికి ఆ ఇల్లే బలహీనపడుతుంది. అయినా ఆ నష్టాన్ని ఏ సంస్థా తన లెక్కల్లో రాసుకోదు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో చూపించే ఉమ్మడి రుణ సమాచార వ్యవస్థ ఈ రంగానికి ఆనాడు పనిచేసే స్థితిలో లేదు. తన ఖాతాలను పోటీదారుకు చూపించాలన్న ఆసక్తి ఏ సంస్థకూ సొంతంగా ఉండదు. అందరికీ మేలు చేసేదే అయినా ఎవరూ తమంతట తాము చేయని పని అది. అలాంటి చోటే నియమం అవసరమవుతుంది.

పోటీ పెరిగితే వడ్డీ తగ్గాలి కదా, ఎందుకు తగ్గలేదు?

పోటీ ధర మీద జరగలేదు, వేగం మీద జరిగింది. డబ్బు అవసరమైన ఇంటికి రెండు శాతం వడ్డీ తేడా కంటే ఎవరు ముందు ఇస్తారు, ఎవరు ఎక్కువ ఇస్తారు అన్నదే ముఖ్యం. ఫీల్డ్ స్టాఫ్‌కు ప్రోత్సాహకాలు కొత్త సభ్యుల సంఖ్యను బట్టి వచ్చేవి. కొత్త ఊరికి వెళ్ళి కొత్తగా గ్రూపులు కట్టడం కష్టం, అప్పటికే మరో సంస్థ తయారుచేసిన గ్రూపుకు అప్పు ఇవ్వడం సులువు. డ్వాక్రా సంఘాలు అప్పటికే ఊరూరా ఉన్న రాష్ట్రంలో ఇది మరీ సులువు. అందుకే దేశంలోని మైక్రోఫైనాన్స్ అప్పుల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పేరుకుపోయాయి.

ఒక సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు చేయడం మొదలయ్యాక, ప్రతి సంస్థ ఖాతాలోనూ వసూళ్ళు అద్భుతంగానే కనిపిస్తాయి. కొత్త అప్పులు వస్తున్నంత కాలం పాత అప్పులు తీరుతూనే ఉంటాయి. మార్కెట్ ఇస్తుందని మనం నమ్మే హెచ్చరిక, అంటే ఎగవేతలు పెరగడం, ఇక్కడ చివరి నిమిషం వరకు రాలేదు. నిజానికి 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు సుమారు యాభై మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించారు. అధిక వడ్డీ, వసూళ్ళలో వేధింపులు, ఒకే ఇంటికి అనేక అప్పులు, ఈ ఫిర్యాదులన్నీ అప్పుడే ఉన్నాయి. సంస్థలు స్వచ్ఛంద నియమావళి పాటిస్తామన్నాయి. ఆ తర్వాతి నాలుగేళ్ళలో అప్పులు మరింత వేగంగా పెరిగాయి.

అయితే తప్పంతా మార్కెట్‌దేనా?

కాదు. దీన్ని పూర్తిగా స్వేచ్ఛా మార్కెట్ అనడమే సరికాదు. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం వ్యవసాయం వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న నిబంధన ఉంది, మైక్రోఫైనాన్స్ సంస్థలకు ఇచ్చే అప్పు కూడా అందులో లెక్కకు వచ్చేది. పల్లెల్లో సొంతంగా శాఖలు నడపడం కంటే ఈ సంస్థలకు టోకుగా డబ్బిచ్చి లక్ష్యం పూర్తిచేసుకోవడం బ్యాంకులకు తేలికైంది. వరదలా వచ్చిన ఆ డబ్బు వెనుక ప్రభుత్వ విధానమే ఉంది.

రెండో విషయం చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ తటస్థంగా ఉన్న అంపైర్ కాదు. పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ద్వారా లక్షలాది స్వయం సహాయక సంఘాలను నడిపిస్తూ, బ్యాంకు రుణాలు ఇప్పిస్తూ, పావలా వడ్డీ పథకంతో వడ్డీ భారాన్ని తానే మోస్తూ వచ్చింది. ఆ పథకం ఎందరో మహిళలకు మేలు చేసింది. కాని సంఘాలకు బ్యాంకు రుణం ఆలస్యంగా, అరకొరగా అందినందువల్లే సభ్యులు మైక్రోఫైనాన్స్ వైపు వెళ్ళారన్నదీ అంతే నిజం. తన పథకానికి పోటీగా నిలిచిన వ్యాపారాన్ని తానే నియంత్రించడానికి ప్రభుత్వం పూనుకున్నప్పుడు, ఉద్దేశం ఎంత మంచిదైనా అనుమానానికి తావు ఉంటుంది.

2010 ఆర్డినెన్సు ఏం చేసింది?

వేధింపులు తట్టుకోలేక మహిళలు ఆత్మహత్యలు చేసుకుంటున్నారన్న వార్తలు పదుల సంఖ్యలో వచ్చిన నేపథ్యంలో వచ్చిన శాసనం ఇది. కొన్నాళ్ళకే 2011 చట్టంగా మారింది. ప్రతి సంస్థా జిల్లా స్థాయిలో నమోదు చేయించుకోవాలి. వడ్డీ మొత్తం అసలును మించకూడదు. అప్పటికే బాకీ ఉన్న సంఘ సభ్యులకు మళ్ళీ అప్పు ఇవ్వాలంటే అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. వాయిదాలు వారానికి కాక నెలకు ఒకసారి మాత్రమే, అదీ గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలి. బలవంతపు వసూలుకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

వడ్డీ అసలును మించరాదన్న నియమం కొత్తది కాదు, దామ్‌దుపట్ పేరుతో మన పాత ధర్మశాస్త్ర సంప్రదాయంలోనే ఉంది.

దాని ఫలితం ఏమిటి?

వేధింపులు ఆగాయి, దాంతోపాటు అప్పులూ ఆగాయి. స్థానిక నాయకులు కొందరు "కట్టకండి" అని బహిరంగంగానే చెప్పారు. 99 శాతం ఉన్న వసూళ్ళు కొన్ని నెలల్లోనే పది శాతం స్థాయికి పడిపోయాయి. ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా బాకీలు చిక్కుబడ్డాయి. రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన ఎస్‌కేఎస్, స్పందన, షేర్ మైక్రోఫిన్ వంటి సంస్థలన్నీ కుదేలయ్యాయి. ఎస్‌కేఎస్ స్థాపకుడు విక్రమ్ ఆకుల 2011 నవంబరులో తప్పుకున్నారు. దుడుకుగా అప్పులిచ్చిన సంస్థకూ, జాగ్రత్తగా నడుచుకున్న సంస్థకూ చట్టం తేడా చూపలేదు. పద్ధతిగా నడిచిన బేసిక్స్ వంటి పాత సంస్థ కూడా దెబ్బతింది.

నష్టం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగలేదు. ఇక్కడ చేతులు కాలిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించుకున్నాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు ఆ ఇతర రాష్ట్రాల జిల్లాలను పరిశీలించి, అప్పులు ఎక్కువగా తగ్గిన చోట రోజు కూలీ రేట్లు, కుటుంబ వినియోగం కూడా పడిపోయాయని చూపించారు. ఒక్కసారి కూడా మైక్రోఫైనాన్స్ అప్పు ముట్టని కూలీకి సైతం ఆ దెబ్బ తగిలింది.

అవసరం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆసుపత్రి ఖర్చుకో, బడి ఫీజుకో డబ్బు కావలసిన వాళ్ళు పాత వడ్డీ వ్యాపారి గుమ్మానికే వెళ్ళారు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ (ఫోన్ చేయగానే అధిక వడ్డీకి ఇచ్చే ప్రైవేటు అప్పు) దారుణాలు ఈ చట్టం వల్లే పుట్టాయని చెప్పలేం, ఆ వ్యాపారం అంతకుముందూ ఉంది. కాని లెక్కాపత్రం ఉన్న అప్పు దొరకని చోట ఏ రకం అప్పు రాజ్యమేలుతుందో అవి చూపించాయి.

అసలు ఈ చిన్న అప్పుల వల్ల పేదరికం తగ్గుతుందా?

హైదరాబాద్ బస్తీల్లోనే దీన్ని జాగ్రత్తగా పరీక్షించారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో స్పందన శాఖలు ముందుగా తెరిపించి, ఫలితాలను పోల్చి చూసింది. ఇంటికి కావలసిన మన్నికైన వస్తువులు కొన్నారు, అప్పటికే వ్యాపారం ఉన్నవారు కొంత పెంచుకున్నారు. మహిళల నిర్ణయాధికారంలోగాని పిల్లల చదువులోగాని చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు ఒక పనిముట్టు, ఉపయోగపడేదే. పేదరికాన్ని పోగొడుతుందని ప్రచారం చేసి, ఆ ప్రచారంతో పెట్టుబడులు రాబట్టి, వాటికి తగిన లాభం చూపించాలని తొందరపడడంలోనే ప్రమాదం మొదలైంది.

ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఉండవలసిందా?

ఉండకూడదు. మనుషులు ప్రాణాలు తీసుకుంటున్నప్పుడు మార్కెట్ సర్దుకునేదాకా ఆగుదామనడం ఏ ప్రజాప్రభుత్వానికీ తగదు. నా అభ్యంతరం జోక్యం మీద కాదు, అది వచ్చిన సమయం మీదా, దాని తీరు మీదా. 2006లో కృష్ణా జిల్లా హెచ్చరించినప్పుడే మూడు పనులు చేసి ఉంటే సరిపోయేది. వడ్డీని ఒకే పద్ధతిలో, తగ్గుతున్న అసలు మీద చెప్పించాలి. ప్రతి అప్పును ఉమ్మడి సమాచార సంస్థలో నమోదు చేయించాలి. ఒక ఇంటికి ఇంతకు మించి అప్పు ఇవ్వరాదని హద్దు పెట్టాలి. ఇవేవీ వ్యాపారాన్ని ఆపేవి కావు. ఈ పనులు చేయగల అధికారం రిజర్వు బ్యాంకుకు ఉంది. రాష్ట్రం కంటే ముందు కదలవలసింది అదే, కాని రాష్ట్రం చట్టం చేశాకే కదిలింది.

వడ్డీకి గరిష్ఠ పరిమితి పెడితే సరిపోతుందా?

స్వేచ్ఛా మార్కెట్‌కు ఆద్యుడిగా చెప్పుకునే ఆడమ్ స్మిత్ కూడా వడ్డీ మీద చట్టపరమైన పరిమితిని సమర్థించాడు. ఆనాటి బ్రిటన్‌లో ఆ పరిమితి అయిదు శాతం. దాన్ని ఎనిమిదికో పదికో పెంచితే డబ్బంతా దుబారా మనుషుల చేతుల్లోకీ, అడ్డగోలు పథకాల వాళ్ళ చేతుల్లోకీ పోతుందన్నది ఆయన వాదన. ఇంగ్లండు తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1787లో దాన్ని ఖండించాడు. అంటే ఈ చర్చకు రెండు వందల ఏళ్ళు దాటాయి.

మన దగ్గర రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో 24 శాతం పరిమితిని సూచించింది. అదే ఏడాది డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఈ సంస్థల కోసం ప్రత్యేక వర్గాన్ని ఏర్పాటు చేసి 26 శాతం పరిమితి, ఒకే వ్యక్తికి రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వరాదన్న నియమం పెట్టింది. 2012లో ఆ అంకెను తీసేసి, సంస్థ తెచ్చుకున్న డబ్బు ఖర్చు మీద ఇంత మాత్రమే కలపాలన్న పద్ధతికి మారింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ కట్టడి కూడా తొలగించి, వడ్డీ నిర్ణయాన్ని సంస్థల బోర్డులకే వదిలింది. అన్యాయపు వడ్డీ వసూలు చేయరాదని మాత్రం చెప్పింది. రెండేళ్ళు గడిచాయో లేదో, 2024 అక్టోబరులో ఆశీర్వాద్, ఆరోహణ్, డీఎంఐ, నావి అనే నాలుగు సంస్థలను అధిక వడ్డీలు తదితర కారణాలతో కొత్త అప్పులివ్వకుండా ఆపవలసి వచ్చింది. లోపాలు సరిదిద్దుకున్నాక కొన్ని నెలల్లో అనుమతించింది.

పరిమితిని మరీ తక్కువగా పెడితే ఖర్చు గిట్టని చిన్న అప్పులే ముందు ఆగిపోతాయి, అంటే అందరికంటే పేదవారే ముందు నష్టపోతారు. అసలు పరిమితే లేకపోతే పైన చెప్పిన సంఘటనలు తిరిగి వస్తాయి. నా దృష్టిలో వడ్డీ అంకె కంటే ఇంటి మొత్తం అప్పు మీద హద్దు ముఖ్యం. 2010లో ఇళ్ళను ముంచింది ఒక అప్పు మీది వడ్డీ కాదు, నాలుగైదు అప్పుల వాయిదాలు ఒకే వారంలో మీద పడడం.

ఆ రాష్ట్ర చట్టం ఇప్పటికీ వర్తిస్తుందా?

రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు వర్తించదు. వడ్డీ వ్యాపారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం, బ్యాంకింగ్ కేంద్ర జాబితాలోనిది. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న కంపెనీలపై రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు చెల్లవని కేరళ, గుజరాత్ కేసుల్లో సుప్రీంకోర్టు 2022 మేలో తీర్పు చెప్పింది. ఆ బాటలోనే తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో 2011 చట్టం ఈ కంపెనీలకు వర్తించదని తేల్చింది. తర్వాత సంస్థలు రెండు తెలుగు రాష్ట్రాలకూ తిరిగి రావడం మొదలైంది.

లోన్ యాప్‌ల సంగతి ఏమిటి?

అదే కథ, ఈసారి ఫోన్‌లో. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు నమోదు చేసిన కేసుల్లో యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు లాక్కుని బంధుమిత్రులకు అవమానకరమైన సందేశాలు పంపినట్టు తేలింది. వాకిట్లో గ్రూపు చేసిన పనినే ఇక్కడ కాంటాక్ట్ లిస్టు చేసింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అప్పు ఇచ్చే నియంత్రిత సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే డబ్బు రావాలి, ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు యాప్ చూడకూడదు.

ఈ రోజు మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకునేవారికి ఉన్న హక్కులేమిటి?

ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తనఖా లేకుండా ఇచ్చే అప్పును మైక్రోఫైనాన్స్ రుణంగా పరిగణిస్తారు. ఆ ఇంటి అప్పులన్నిటి నెలవారీ వాయిదాలు కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. వడ్డీ, ఫీజులు, బీమా అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో మీకు అర్థమయ్యే భాషలో రాసిన వివరపత్రం ఇవ్వాలి. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఆలస్యమైతే జరిమానా బకాయిపడిన వాయిదా మీదే గాని మొత్తం అప్పు మీద కాదు. వసూలు కోసం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులను, తోటి పనివారిని వేధించకూడదు. ఇద్దరూ అనుకున్న స్థలంలోనే వసూలు జరగాలి, వరుసగా రెండు సార్లు రాకపోతేనే ఇంటికి రావచ్చు.

ఇవి ఉల్లంఘిస్తే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు దగ్గర ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దాడి, బెదిరింపు జరిగితే మాత్రం 30 రోజులు ఆగనక్కరలేదు, నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్ళాలి. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన బాకీ రద్దు కాదు కాబట్టి, కట్టగలిగిన వాయిదాలు కడుతూ ప్రతిసారీ రసీదు అడిగి తీసుకోండి.